పురుగుల ఫొటోలు బ్లర్ వస్తున్నాయా? లెన్స్ కొనే ముందు ఇది చూడండి

వానలు పడ్డాక చేల గట్ల వెంట ఎక్కడ చూసినా తుమ్మి పూలు, గడ్డి చామంతులు, వాటి మీద బుల్లి బుల్లి పురుగులు. ఫొటో తీస్తే మాత్రం అంతా బ్లర్. చాలామంది వెంటనే ఏ లెన్స్ కొనాలని అడుగుతారు. డబ్బులు జేబులోనే ఉంచి, చెడిపోయిన ఫొటోని వంద శాతం జూమ్ చేసి చూడండి. బ్లర్‌లో రకాలున్నాయి, మీది ఏ రకమో ఆ ఫొటోనే చెప్పేస్తుంది.

పురుగు బ్లర్, దాని ముందో వెనకో ఇంకేదో షార్ప్‌గా ఉంది

తూనీగ కళ్లు మసక, రెక్క చివర మాత్రం ఈనెలతో సహా కనిపిస్తోంది. అంటే ఫోకస్ తప్పింది. పురుగు అసలు సైజులోనే సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద పడేంత దగ్గరగా, అంటే 1:1లో తీస్తుంటే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) పెట్టినా ఫోకస్‌లో ఉండే మందం సుమారు 1 మిల్లీమీటరే. మీరు ఊపిరి పీల్చినా కెమెరా అంతకంటే ఎక్కువ కదులుతుంది, పాపం ఆటోఫోకస్ మాత్రం ఏం చేస్తుంది! మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి, కావలసిన సైజుకి ఫోకస్ రింగు ముందే తిప్పేసి, ఇక దాన్ని ముట్టుకోకుండా మీరే కొద్దిగా ముందుకీ వెనక్కీ ఊగుతూ, కన్ను షార్ప్‌గా కనబడే సమయానికి బరస్ట్‌లో (బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా తీసే మోడ్) నాలుగైదు కొట్టేయండి. ఒకటి దక్కుతుంది.

ఏ వైపు నుంచి తీస్తున్నారో కూడా చూసుకోవాలి. రెక్కలు మూసుకుని కూర్చున్న సీతాకోకచిలుకని సరిగ్గా పక్క నుంచి, కెమెరా వీపు రెక్కలకు సమాంతరంగా ఉండేలా తీస్తే ఆ మిల్లీమీటరులోనే రెక్క మొత్తం పట్టేస్తుంది.

ఏదీ షార్ప్‌గా లేదు, గీతలా సాగింది

వెనకున్న రాయి, గడ్డి కూడా పురుగుతో పాటే ఒకే దిక్కుకి సాగితే మీ చెయ్యి కదిలింది. పువ్వు ఒక్కటే సాగి, దాని పక్కనే అంతే దూరంలో ఉన్న రాయి బాగుంటే గాలి. చేతికి మందు షట్టర్ స్పీడ్: 1/250 సెకను కంటే కిందికి దిగకండి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెంచడానికి వెనకాడకండి. దానివల్ల వచ్చే నాయిస్ (చుక్కచుక్కల గరుకుదనం) తర్వాత తగ్గించుకోవచ్చు గానీ సాగిపోయిన కన్నుని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా వెనక్కి తేలేదు. గాలికైతే పొద్దున్నే వెళ్లడం మంచిది, ఆ చల్లదనానికి పురుగులు కూడా బద్ధకంగా ఉంటాయి. ఒట్టి పువ్వే తీస్తుంటే పక్కన ఒక పుల్ల గుచ్చి, కాడను బట్టల క్లిప్పుతో దానికి మెల్లగా పట్టించండి.

సాగలేదు, ఫోకసూ తప్పలేదు, అయినా మొత్తం మెత్తగా ఉంది

ఎఫ్/22, ఎఫ్/32 పెట్టారేమో చూడండి. అంత చిన్న రంధ్రంలోంచి వచ్చే కాంతి వంగి చెదిరిపోతుంది. పైగా 1:1 దగ్గర ఎఫ్/16 పెడితే అది ఇంచుమించు ఎఫ్/32 లాగా పనిచేస్తుంది. ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఉండండి. ఫోన్ అయితే ముందు లెన్స్ తుడవండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

ఫోన్ దగ్గరికి పెడితే ఫోకస్ పట్టడం లేదు

ప్రతి లెన్స్‌కీ ఇంతకంటే దగ్గరికి రావద్దనే హద్దు ఉంటుంది. కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. తక్కువ ధర ఫోన్లలో 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా అని ఇస్తారే, దాన్ని మర్చిపోండి. మెయిన్ కెమెరాతో తీసి క్రాప్ చేసినా అంతకంటే బాగుంటుంది.

తంగేడు పువ్వు పసుపు ముద్దలా వచ్చింది

రేకుల మీది గీతలు, మడతలు ఏవీ లేవు, ఒట్టి పసుపు. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు నీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది, అక్కడే మోసపోతాం. పసుపులో ముందుగా నిండిపోయేది ఎరుపు ఛానెల్, అందుకే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూడాలి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్‌లో (వెలుతురు సగానికి తగ్గే మెట్టు) మూడింట రెండు వంతులు తగ్గించండి. ఎండ మరీ తీవ్రంగా ఉంటే గొడుగు అడ్డం పెట్టండి.

ఫ్లాష్ కొడితే వెనక చీకటి, పెంకుపురుగు వీపు మీద తెల్లటి మచ్చ

దూరం పెరిగేకొద్దీ ఫ్లాష్ వెలుతురు చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి వెనక నల్లగా వస్తుంది. పురుగుకి దగ్గరగా వెనక ఒక ఆకు ఉండేలా కోణం మార్చుకోండి. మచ్చకి ఫ్లాష్ ముందు ట్రేసింగ్ పేపర్ కట్టండి, అది ఎంత వెడల్పుగా, పురుగుకి ఎంత దగ్గరగా ఉంటే అంత మెత్తటి వెలుగు.

దగ్గరికి వెళ్లగానే ఎగిరిపోతోంది

మీ నీడ దాని మీద పడుతోంది, లేదా నిలబడి మీదికి వంగుతున్నారు. మోకాళ్ల మీద, నెమ్మదిగా వెళ్లండి. కదలకుండా ఉంటుందని పురుగుని ఫ్రిజ్‌లో పెట్టే వాళ్లున్నారు, నాకైతే అది నచ్చదు. తూనీగ ఎగిరిపోతే వెంటపడకండి, చాలా రకాలు తిరిగి అదే పుల్ల మీద వాలతాయి. ఆ పుల్ల కొనకి ఫోకస్ పెట్టుకుని అక్కడే కూర్చోండి.