షట్టర్ చప్పుడు లేకుండా మూసుకోవాలంటే: సాఫ్ట్ క్లోజ్ హింజ్‌ల కొనుగోలు, బిగింపు, సర్దుబాటు

కప్‌బోర్డు షట్టర్‌ని తోసి వదిలేస్తే, చివరి జానెడు దూరంలో వేగం తగ్గి మెల్లగా వచ్చి ఆనుకోవాలి. అలా కాకుండా ధడేల్మని కొట్టుకున్నా, సగం వేలు సందు వదిలి ఆగిపోయినా అందరూ ముందు హింజ్‌నే తప్పుపడతారు. చాలాసార్లు తప్పు హింజ్‌ది కాదు. క్రాంక్ (హింజ్ చేతి వంపు) తప్పుగా కొని ఉంటారు, లేదా షట్టర్ వెనక హింజ్ గుండ్రటి కప్పు కూర్చునే రంధ్రం కొలత తప్పి ఉంటుంది, లేదా బిగించాక సర్దుబాటు చేయకుండా వదిలేసి ఉంటారు.

ఈ హింజ్‌లో రెండు శక్తులు ఎదురెదురుగా పనిచేస్తాయి. స్ప్రింగు షట్టర్‌ని లోపలికి లాగుతుంది. చిన్న సిలిండర్‌లోని చిక్కటి సిలికాన్ నూనె ఆ లాగుడుని అడ్డుకుంటుంది. పిస్టన్ కదిలితే నూనె సన్నని దారిలోంచి పోవాలి, కాబట్టి ఎంత జోరుగా తోస్తే అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. డాంపర్ అనే ఆ సిలిండర్ కొన్నింటిలో కప్పులోనే ఉంటుంది, కొన్నింటిలో హింజ్ చేతి మీద, అంటే బాక్సు వైపు సాగే పొడవాటి భాగం మీద కూర్చుంటుంది. నూనె కాబట్టి వాతావరణం ప్రభావం కూడా ఉంటుంది. ఎండాకాలంలో కాస్త వేగంగా, అరకు, ఆదిలాబాద్ వైపు జనవరి చలిలో నెమ్మదిగా మూసుకుంటే అది లోపం కాదు.

షాపులో "ఆటో హింజ్" అని అడిగితే చాలాచోట్ల స్ప్రింగు మాత్రమే ఉన్నది చేతిలో పెడతారు. అది తనంతట తాను మూసుకుంటుంది, కానీ కొట్టుకుంటుంది. "సాఫ్ట్ క్లోజ్" లేదా "హైడ్రాలిక్" అని స్పష్టంగా చెప్పండి. ఒక హింజ్ విప్పించి, చేత్తో మడిచి చూడండి. చివర్లో తేనెలో కదిలినట్టు బరువుగా సాగాలి.

ఏ క్రాంక్ కొనాలి

మూసినప్పుడు షట్టర్, కప్‌బోర్డు బాక్సు పక్క చెక్కను ఎంత మేర కప్పుతుందో దాన్నిబట్టి క్రాంక్ ఉంటుంది. చెక్క మందమంతా కప్పితే 0 క్రాంక్, అంటే నేరుగా ఉన్న చెయ్యి. ఒకే పార్టిషన్ మీద రెండు షట్టర్లు చెరో సగం కప్పితే 8 క్రాంక్, చెయ్యి కొంచెం వంగి ఉంటుంది. షట్టర్ బాక్సు లోపలికి, చెక్క అంచుతో సమంగా కూర్చుంటే 16 క్రాంక్, బాగా వంగిన మెడ. కంపెనీని బట్టి ఈ అంకెలు ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ ఉంటాయి, పని అదే.

నాలుగు షట్టర్లు, మధ్యలో ఒక పార్టిషన్ ఉన్న వార్డ్‌రోబ్ తీసుకోండి. రెండు చివర్ల షట్టర్లకు 0 క్రాంక్, పార్టిషన్‌కి వేలాడే మధ్య రెండింటికీ 8 క్రాంక్. ఇక్కడే లెక్క తప్పుతుంది. అన్నీ 0 క్రాంక్ తెచ్చేస్తే మధ్య షట్టర్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అప్పుడు స్క్రూలు ఎంత తిప్పినా సరిపడదు, ఎందుకంటే పక్కకు జరిగే సర్దుబాటు సాధారణంగా 2 మి.మీ. చుట్టుపక్కలే ఉంటుంది. కొనే ముందు కాగితం మీద బాక్సు గీసి, ప్రతి షట్టర్ పక్కన దాని క్రాంక్ రాసుకోండి.

ఎన్ని కావాలన్నది ఎత్తు, బరువు రెండూ చూసి తేల్చాలి. 600 మి.మీ. లోపు వెడల్పున్న షట్టర్‌కి 900 మి.మీ. ఎత్తు వరకు 2, 1600 వరకు 3, 2000 వరకు 4, 2400 వరకు 5 అనేది మామూలుగా పాటించే లెక్క. ఇక బరువు. 2100 మి.మీ. ఎత్తు, 500 వెడల్పు, 18 మి.మీ. ప్లైవుడ్ షట్టర్ రెండు వైపులా లామినేట్‌తో కలిపి దాదాపు 15 కిలోలు తూగుతుంది. దానికి నిండా 4 మి.మీ. అద్దం అతికిస్తే ఇంకో పది కిలోలు చేరినట్టే. గాజు ఒక చదరపు మీటరుకు ప్రతి మి.మీ. మందానికి రెండున్నర కిలోలు ఉంటుంది మరి. అద్దం షట్టర్‌కి ఎత్తు లెక్క చూసి ఊరుకోకుండా ఇంకొకటి కలపండి, డబ్బా మీది బరువు పట్టికతో సరిచూసుకోండి.

హింజ్‌ల సంఖ్య పెంచితే ప్రమాదమూ ఉంది. చిన్న, తేలికపాటి షట్టర్‌కి మూడు డాంపర్లు పెడితే నూనె అడ్డు ఎక్కువై షట్టర్ మరీ నెమ్మదిగా మూసుకుంటుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగినట్టవుతుంది. కొన్ని మోడళ్లలో డాంపర్‌ని ఆపేసే చిన్న మీట ఉంటుంది. అలాంటివి దొరికితే అవే కొనండి, చిన్న షట్టర్లకు ఒకదాంట్లో ఆపేసుకోవచ్చు.

వార్డ్‌రోబ్ లోపల డ్రాయర్లు ఉంటే ఇంకో సంగతి. మామూలు 105 లేక 110 డిగ్రీల హింజ్‌తో షట్టర్ తెరిచాక దాని మందం కొంత బాక్సు నోట్లోనే ఉండిపోతుంది, డ్రాయర్ దానికి తగులుతుంది. డ్రాయర్ పక్కన 18 నుంచి 25 మి.మీ. పట్టీ వేసి ఇరుకు చేయాలి, లేదా ఎక్కువ కోణం తెరుచుకునే 155, 165 డిగ్రీల రకం కొనాలి. ఇది బాక్సులు కోయకముందే తేలాలి.

గోడ అలమరలు

మన ఇళ్లలో గోడలోనే కట్టిన అలమరలు, వాటిలో కడప రాయి అరలు మామూలే. వాటికి సాఫ్ట్ క్లోజ్ పెట్టాలంటే రెండు ఇబ్బందులు. హింజ్ చెయ్యి, దాన్ని బాక్సుకి పట్టే మౌంటింగ్ ప్లేటు కలిసి ముందు అంచు నుంచి 70 మి.మీ. దాకా లోపలికి పోతాయి, కాబట్టి గోడ పక్కన సన్నని చౌకట్టు పట్టీ ఉంటే చాలదు. కనీసం 75 మి.మీ. లోతు, 18 మి.మీ. మందం ఉన్న ప్లైవుడ్ పట్టీని గోడకు గట్టిగా బిగించి, ప్లేటు దాని మీద కూర్చోబెట్టాలి. రెండోది, రాతి అర ఎత్తులో హింజ్ పడకూడదు. చెయ్యి మడిచినప్పుడు రాయికి తగిలితే షట్టర్ మూసుకోదు. షట్టర్ మీద రంధ్రాలు వేయకముందే అరల ఎత్తులు షట్టర్ వెనక గుర్తు పెట్టుకోండి. గోడ ప్లాస్టరింగు నిట్టనిలువుగా లేకపోతే పట్టీ వెనక సన్నని చెక్కముక్కలు దూర్చి సరిచేయాలి, హింజ్ స్క్రూలతో సరిచేద్దామనుకుంటే కుదరదు.

కప్పు రంధ్రం

పనంతటికీ ప్రాణం ఇదే. రంధ్రం వ్యాసం 35 మి.మీ. లోతు మోడల్‌ని బట్టి 11.5 నుంచి 13 మి.మీ. కప్పు అంచుకీ షట్టర్ అంచుకీ మధ్య 3 నుంచి 6 మి.మీ. చెక్క మిగలాలి. అంటే రంధ్రం కేంద్రం షట్టర్ అంచు నుంచి 20.5 నుంచి 23.5 మి.మీ. లోపు పడాలి. 22 దగ్గర పెట్టుకుంటే అంచు దగ్గర నాలుగున్నర మి.మీ. మిగులుతుంది, 18 మి.మీ. చెక్కకు అది అనువైన కొలత. కేంద్రాన్ని 1 మి.మీ. లోపలికి జరిపితే షట్టర్ బాక్సుని 1 మి.మీ. ఎక్కువ కప్పుతుంది. మౌంటింగ్ ప్లేటు 1 మి.మీ. ఎత్తున్నది వాడితే 1 మి.మీ. తక్కువ కప్పుతుంది. ఈ రెండు వాక్యాలు గుర్తుంటే డబ్బా లోపలి పట్టిక అర్థమైనట్టే.

పై హింజ్ కేంద్రం షట్టర్ పై అంచు నుంచి, కింది హింజ్ కేంద్రం కింది అంచు నుంచి 80 నుంచి 100 మి.మీ. దూరంలో ఉండాలి. మిగతావి వాటి మధ్య సమానంగా పంచండి. పొడవాటి షట్టర్‌కైతే పై భాగంలో భారం ఎక్కువ పడుతుంది, మూడో హింజ్‌ని కొంచెం పైకి జరిపితే మేలు.

బిట్ పదునుగా ఉండాలి, మధ్య మొన పొట్టిగా ఉండాలి. 18 మి.మీ. చెక్కలో 12 మి.మీ. తవ్వితే కింద మిగిలేది 6 మి.మీ. మొన పొడుగైతే ముందువైపు లామినేట్‌కి బొడిపె లేస్తుంది, అది ఇక పోదు. బిట్‌కి రంగు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోవడం కంటే, లోతు ఆపే కాలర్ ఉన్న జిగ్ (డ్రిల్లుని నిటారుగా పట్టి ఉంచే సాధనం) కొనడం మంచిది. చేతి డ్రిల్లు కొంచెం వాలినా కప్పు ఒక పక్క పైకి లేచి కూర్చుంటుంది. ముందు అదే మందం వ్యర్థం ముక్క మీద ఒక రంధ్రం వేసి, హింజ్ పెట్టి, ప్లేటుతో కలిపి చూసి, ఆ తర్వాతే అసలు షట్టర్ ముట్టుకోండి.

కప్పు పెట్టాక మూలమట్టం ఆనించి, చెయ్యి షట్టర్ అంచుకు సరిగ్గా లంబంగా ఉందో లేదో చూసి, 2.5 మి.మీ. బిట్‌తో స్క్రూలకు దారి చేయండి. 3.5 × 16 స్క్రూలు సరిపోతాయి. ఆఖరి నాలుగు చుట్లు చేతి స్క్రూడ్రైవర్‌తోనే తిప్పండి. ఇంపాక్ట్ డ్రైవర్‌తో బిగిస్తే ప్లైవుడ్‌లో మర కొరుక్కుపోయి స్క్రూ ఊరికే తిరుగుతుంది.

బాక్సు వైపు ప్లేటు స్క్రూలు ముందు అంచు నుంచి 37 మి.మీ. గీత మీద పడాలి, రెండు స్క్రూల మధ్య 32 మి.మీ. ఇది 0, 8 క్రాంక్‌లకు. 16 క్రాంక్ అయితే ఆ 37కి షట్టర్ మందం కలపాలి. లామినేట్‌తో 20 మి.మీ. షట్టర్ అయితే 57 అవుతుంది.

పాతవి తీసి కొత్తవి పెట్టేటప్పుడు కప్పు 35 మి.మీ. ఒక్కటే అని ధైర్యంగా కొనేయొద్దు. కప్పు చెవుల స్క్రూ రంధ్రాల మధ్య దూరం 45, 48, 52 మి.మీ. అని రకాలున్నాయి. పాతదాన్ని విప్పి షాపుకి తీసుకెళ్లండి.

సర్దుబాటు

షట్టర్‌ని పై హింజ్ నుంచి తగిలిస్తూ రండి, కింద చెక్కముక్క ఆసరా పెట్టండి. ముందు ప్లేటు స్క్రూలు వదులు చేసి ఎత్తు సరిచేయండి. తర్వాత చేతి మీద ముందుండే స్క్రూతో పక్కకు జరపండి, రెండు షట్టర్ల మధ్య 3 మి.మీ. సందు కనిపించాలి. షట్టర్ హ్యాండిల్ వైపు వాలిపోతే పై హింజ్‌ని మడతవైపుకి లాగి, కింది హింజ్‌ని హ్యాండిల్ వైపుకి నెట్టండి, హ్యాండిల్ వైపు పైకి లేస్తుంది. చివరగా వెనక స్క్రూతో లోతు. మూసినప్పుడు హింజ్ వైపు షట్టర్‌కీ బాక్సుకీ మధ్య ఒకటిన్నర మి.మీ. సందు ఉంచండి, హ్యాండిల్ వైపు అదే మందం రబ్బరు బొడిపెలు అతికించండి. ఈ సందు లేకుండా గట్టిగా లోపలికి లాగేస్తే, హింజ్ వైపు ముందే ఆనుకుని హ్యాండిల్ వైపు ఎగదన్నుతుంది. "స్ప్రింగు పోయింది" అని మార్చేసే హింజ్‌లలో చాలా వాటికి ఇదే కారణం.

ఏం పాడవుతుంది

షట్టర్ కొట్టుకుంటుంటే ఒక్కో హింజ్‌నీ విప్పి చేత్తో మడిచి చూడండి. చివర్లో బరువు తెలియనిదాంట్లో డాంపర్ పోయింది, చాలాసార్లు చేతి మీద నూనె మరక కూడా కనిపిస్తుంది. ఆ ఒక్కటీ మారిస్తే చాలు. మెల్లగా మూసుకుంటున్న షట్టర్‌ని చేత్తో బలంగా నొక్కి మూసే అలవాటే డాంపర్ని చంపేది. ఇంట్లో అందరికీ ఇది చెప్పాలి.

తోస్తే తెరుచుకునే పుష్ లాచ్ ఉన్నచోట ఈ హింజ్‌లు పెట్టకండి. లాచ్ బయటికి నెడుతుంది, స్ప్రింగు లోపలికి లాగుతుంది. దానికి స్ప్రింగు లేని రకం వేరే ఉంటుంది.

పార్టికల్ బోర్డులో స్క్రూ ఊడిపోతే అగ్గిపుల్లలు, ఫెవికాల్ కుక్కడం గడియ బిగించడానికి పనికొస్తుంది కానీ బరువు మోసే హింజ్‌కి నిలవదు. 8 మి.మీ. రంధ్రం చేసి, జిగురుతో చెక్క డోవెల్ (గుండ్రటి చెక్క మేకు) కొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్లీ సన్న బిట్‌తో దారి చేసి బిగించండి. చెక్క ఉబ్బి పొడిపొడిగా ఉంటే ఆ చోటు వదిలి హింజ్‌ని 50 మి.మీ. పైకో కిందికో జరపడమే దారి.

సింకు కింద బాక్సుకి, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లకి 304 స్టెయిన్‌లెస్ స్టీల్ హింజ్‌లే కొనండి. బాత్రూం కడిగే యాసిడ్ సీసా సింకు కింద పెట్టే ఇళ్లలో, మూత సరిగ్గా లేకపోతే ఆ ఆవిరికి నికెల్ పూత ఉన్న హింజ్‌లు తొందరగా తుప్పు పడతాయి. సీసా అక్కడ పెట్టకపోవడం స్టీల్ హింజ్ కంటే చవక. కిర్రుమంటోందని కొబ్బరినూనె పోయొద్దు, దుమ్ము, పిండి అందులో అంటుకుని జిగటగా గట్టిపడతాయి. పొడిగుడ్డతో తుడిచి, మడత కీలు దగ్గర మాత్రం ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి, డాంపర్ సిలిండర్‌కి తగలనీయకండి.