చచ్చినవాళ్లను లేపే స్పెల్ ఉన్నప్పుడు చావు కథ నడపడం ఎలా

మూడేళ్ల కింద కర్నూలులో, మా మిద్దె మీద ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట; ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు అందులో పాత్రలై ఆడతారు. నడిపేది నేనే. ఊరిపెద్ద హత్యతో కథ మొదలుపెట్టాను. క్లెరిక్ (దేవుడి శక్తితో స్పెల్స్ వేసే పూజారి పాత్ర) ఆడుతున్న పిల్లోడు వెంటనే, "అన్నా, నాది తొమ్మిదో లెవల్. వజ్రం కూడా ఉంది. లేపుతా" అన్నాడు. "ఇప్పుడు పనిచేయదులే" అన్నాను. ముందు వారమే అదే స్పెల్‌తో మా పార్టీలో (కలిసి తిరిగే పాత్రల గుంపులో) ఒకరిని లేపాడు. ఎందుకు పనిచేయదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆట సగంలోనే ఆగిపోయింది.

1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 అనే వీడియో గేమ్‌లో ఏరిత్ అనే పాత్ర చనిపోయినప్పుడు, పడిపోయినవాళ్లను లేపే ఫీనిక్స్ డౌన్‌లు బ్యాగులో ఉన్నా ఆటగాడు ఏమీ చేయలేడు. వీడియో గేమ్‌లో ఆ సీన్‌కు ఎదురు చెప్పే వీలు లేదు. మన చాప మీద కూర్చున్నవాడు మాత్రం అడుగుతాడు.

అందుకే కథ రాయకముందే అందరి క్యారెక్టర్ షీట్లు (పాత్ర శక్తులు, స్పెల్స్ రాసుకున్న కాగితాలు) తీసుకోండి. కథను తారుమారు చేసే స్పెల్స్ ఏరి, ఒక్కోదాని రూల్ మొత్తం చదవండి. ఆట రూల్స్ ఐదో ఎడిషన్‌లో, చచ్చినవాళ్లను లేపే రెయిజ్ డెడ్ స్పెల్‌కు 500 బంగారు నాణేల విలువైన వజ్రం కావాలి, స్పెల్‌తో పాటే అది ఖర్చయిపోతుంది. చనిపోయి పది రోజులు దాటకూడదు. తల లాంటిది పోయి ఉంటే కుదరదు. తిరిగి రావడానికి ఆత్మ ఒప్పుకోవాలి.

నేను వజ్రం దగ్గరే ఆగిపోయాను. తొలకరి పడితే మా జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి చేలల్లో ఎంతమంది తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతారో చూసినవాణ్ని. ఆ వజ్రం ప్రాణం కూడా పోయగలిగితే? రాజు ఆ చేలను ఊరికే వదలడు, వాన మబ్బు కనపడగానే కాపలా పెడతాడు. కొత్త కథలో ఒక రైతుకు వజ్రం దొరికింది. ఆయన కూతురు చనిపోయి ఎనిమిది రోజులు. మా పార్టీకి కూడా అదే వజ్రం కావాలి. ఆ రోజు మిద్దె మీద చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆట నడపడంలో నాకు దొరికిన అతి గొప్ప సమయం అదే.

ఆత్మ ఒప్పుకోలేదని చెప్పే దారి మాత్రం చాలా అరుదుగా వాడండి. చనిపోయినాయన బతుకు మీద విరక్తితో ఉన్నాడని ముందే చూపించి ఉండాలి. లేకపోతే అది కూడా నా "పనిచేయదులే" లాంటిదే.

హత్య కథకు స్పీక్ విత్ డెడ్ అనే ఇంకో స్పెల్ అడ్డం వస్తుంది. శవాన్ని ఐదు ప్రశ్నలు అడగొచ్చు, కానీ శవానికి నోరుండాలి. ఈ సంగతి హంతకుడికీ తెలుసు కదా! వాడు ముసుగేసుకుని వస్తాడు, లేదా దవడ పగలగొట్టి పోతాడు. పగిలిన దవడ మీ పార్టీకి మొదటి ఆధారం.

హిట్ పాయింట్ల (పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) గొడవ, అంటే అన్ని పోట్లు తిని పాత్ర ఎలా నిలబడిందన్నది, చిన్నది. ప్రతి దెబ్బనూ కత్తిపోటుగా వర్ణించకుండా అలసట, తృటిలో తప్పడం అని చెప్పండి చాలు.

ఇంత చేసినా ఎక్కడో దొరికిపోతారు. అప్పుడు స్పెల్‌ను పనిచేయనివ్వండి. ఊరిపెద్ద లేచి కూర్చుంటాడు. ఆయన మొదట ఎవరి పేరు చెప్తాడో, అది విని పక్కన నిలబడ్డ కొడుకు ఏం చేస్తాడో ఆలోచించుకోండి.