ప్లాను గీయించే ముందు ఒక రోజంతా ప్లాటులో కూర్చోండి: హైదరాబాద్ ఎండకీ గాలికీ వానకీ తగ్గట్టు కట్టుకోవడం ఎలా

మొన్న ఒకన్న ఫోన్ చేసి, మేడమ్ ఈస్ట్ ఫేసింగ్ 200 గజాలు, 30 బై 60, రెడీగా ప్లాన్ ఉంటే వాట్సాప్ చేయండి, వచ్చే నెల ముగ్గు పోస్తున్నాం అన్నాడు. ప్లాటుకి పడమర పక్క ఏముందన్నా అని అడిగితే, చూడలే మేడమ్, ఖాళీ జాగా అనుకుంట అన్నాడు. వాన నీళ్ళు ఎటు పోతాయి అంటే అదీ తెలీదు. జన్మలో ఒక్కసారి కట్టుకునే ఇల్లు, ఉన్నదంతా ఊడ్చి పెడుతున్నారు, కానీ ఆ నేల మీద ఒక్క మధ్యాహ్నం కూడా నిలబడి చూడట్లేదు, నా బాధంతా ఇదే. అందుకే ప్లాన్లు గీస్తూ నేను సైట్ల మీద నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. సొంతిల్లు కట్టుకునేవాళ్ళకీ, కాలనీ హాలో స్కూలు గదో కట్టించే బాధ్యత నెత్తిన పడ్డవాళ్ళకీ ఇద్దరికీ పనికొస్తుంది.

మొదటి పని, ప్లాను గీయించే ముందు ఒక రోజంతా ప్లాటులో ఉండండి. కుర్చీ, నీళ్ళ బాటిల్, నోట్‌బుక్ చాలు. పొద్దున ఏడింటికి, పదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, నాలుగింటికి, చీకటి పడ్డాక ఒకసారి, నీడ ఎక్కడ పడుతుందో గాలి ఎటు తగులుతుందో రాసుకోండి. అగరబత్తి వెలిగించి పట్టుకుంటే గాలి దిశ ఇట్టే తెలుస్తుంది. పక్కింటోళ్ళది రెండో అంతస్తు ఎటు లేచింది, వేపచెట్టు ఎవరి జాగాలో ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ ఎటు, డ్రైనేజీ మ్యాన్‌హోల్ ఎటు, అన్నీ ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి. వీలైతే ఎండాకాలం ఒకసారి, మంచి వాన పడ్డ మర్నాడు ఒకసారి వెళ్ళండి. ఈ కాగితం చేతిలో ఉంటే మీరు ఏ ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్ళినా మాట సూటిగా సాగుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, పడమర. మన ఊళ్ళో ఇల్లు బాగుంటుందా లేదా అనేది ముప్పాతిక వంతు పడమటి గోడ తేలుస్తుంది. బోడుప్పల్ వైపు ఒక సైటులో పనిచేసే పెద్ద మేస్త్రీ నాకు ఈ పాఠం చెప్పాడు. మే నెల, రాత్రి తొమ్మిది దాటింది, పక్కన అప్పటికే కట్టేసిన ఇంటి పడమటి గోడ దగ్గరికి తీసుకెళ్ళి, మేడమ్ అరచెయ్యి ఆనించి చూడండి అన్నాడు. పొద్దుగూకి రెండు గంటలు దాటినా గోడ ఇంకా కాగిన పెనంలా ఉంది, ఆ గోడకి అవతలే వాళ్ళ బెడ్‌రూమ్. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నం నుంచి తాగిన వేడిని ఆరేడు గంటలు తర్వాత లోపలికి వదులుతుంది, అంటే సరిగ్గా మనం పడుకునే వేళకి. నాలుగున్నర అంగుళాల గోడైతే అంత సేపు కూడా ఆపదు, సాయంత్రానికే గదంతా ఉడుకుతుంది.

మరి ఏం చేయాలి అంటే, మనం ఎక్కువసేపు ఉండని వాటిని పడమరకి తొయ్యండి. మెట్లు, బాత్రూమ్, స్టోరు, బట్టలుతికే జాగా, ఇవన్నీ పడమటి ఎండని మన బదులు భరిస్తాయి. వాస్తు చూసుకునేవాళ్ళకి కూడా మెట్లు పడమరలో, దక్షిణంలో పెట్టడం ఇష్టమే కాబట్టి ఇక్కడ గొడవ రాదు. చిక్కంతా నైరుతి మాస్టర్ బెడ్‌రూమ్‌తోనే, అది ఇంట్లోకెల్లా ఎక్కువ కాలే మూల. పెద్దవాళ్ళు పట్టుబడితే వాళ్ళతో నేను వాదించను, గదిని అక్కడే ఉంచి పడమటి గోడ పొడవునా వార్డ్‌రోబ్ కట్టిస్తాను. రెండడుగుల లోతు అల్మారా, బట్టలు, మధ్యలో గాలి, ఇవన్నీ కలిసి మంచానికీ ఆ వేడి గోడకీ మధ్య అడ్డుగా నిలుస్తాయి. కిటికీ దక్షిణం వైపు పెట్టుకుంటే చాలు.

కిటికీ అంటే సజ్జా, అదే కిటికీ పైన నీడకి బయటికి పోసే పలక, దాని గురించి చెప్పాలి, ఎందుకంటే అన్ని వైపులా ఒకే రెండడుగుల సజ్జా పోసేయడం మన దగ్గర అలవాటైపోయింది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దక్షిణం వైపు కిటికీకి రెండడుగుల సజ్జా ఉంటే మార్చి 21 మధ్యాహ్నం దాని నీడ ఆరడుగుల పైచిలుకు కిందికి దిగుతుంది, అంటే కిటికీ మొత్తం నీడలోనే. అదే డిసెంబర్ 21న సూర్యుడు కిందికి ఉంటాడు కాబట్టి నీడ రెండుంబావు అడుగులే, మిగతా కిటికీలోంచి చలికాలం ఎండ ఇంట్లోకి వస్తుంది. ఒక్క సజ్జాతో రెండు కాలాలకీ సరిపోయింది. అదే సజ్జా పడమర వైపు పోస్తే? మే నెల సాయంత్రం నాలుగింటికి ఎండ ఏటవాలుగా నేరుగా మొహం మీదికి వస్తుంది, ఆ రెండడుగుల సజ్జా కప్పేది సుమారు అడుగున్నరే. పడమటి కిటికీని పైనుంచి కాపాడలేం, ముందు నుంచి కాపాడాలి, అంటే జాలీ (చిల్లుల గోడ), నిలువు పలకలు, వట్టివేళ్ళ తడిక, వరండా, చెట్టు, వీటిలో మీకు కుదిరింది. ఇంకోటి, మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ రెండు తేదీల్లోనే నిటారు వస్తువులకి నీడ మాయమవుతుంది. అందుకని ఉత్తరం కదా ఎండ రాదులే అని సజ్జా లేకుండా వదిలేయకండి, అటు కూడా అడుగున్నర పోయించండి.

ఇక్కడ ఒక ముడి ఉంది. ఎండ వచ్చేది పడమర నుంచే, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మంచి గాలి వచ్చేదీ పడమర వైపు నుంచే. గోడ మొత్తం మూసేస్తే వానాకాలమంతా ఇల్లు ఉక్కపోస్తుంది, తెరిస్తే ఎండాకాలం కాలుతుంది. ఈ ముడికి మన పాత కట్టడాల్లోనే జవాబు ఉంది, జాలీ. సంతోష్‌నగర్ దగ్గర పైగా నవాబుల సమాధుల్లో సున్నపు గచ్చుతో చేసిన జాలీలు చూడండి, ఒక్కోటి ఒక్కో డిజైన్, మధ్యాహ్నం పూట లోపల నిలబడితే ఎండ చిన్న చిన్న చుక్కలుగా నేల మీద పడుతుంది, గాలి మాత్రం ఆగకుండా వస్తుంది. కొత్త కట్టడాల్లో చూడాలంటే కొండాపూర్ వైపు ఉన్న సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి వెళ్ళండి. మధ్యలో ఖాళీ వాకిలి వదిలి దాని చుట్టూ కట్టారు, జాలీ గోడలు పెట్టారు, గాలిని లోపలికి లాగే గోపురాలు పెట్టారు, పైకప్పు మీద గడ్డి పెంచారు. ఇంట్లో అంత అక్కర్లేదు, మెట్ల దగ్గర పడమటి గోడని సిమెంటు జాలీతోనో, ఇటుకలు ఖాళీలు వదిలి పేర్చో కట్టి, మెట్ల గది పైన తూర్పు వైపు ఒక వెంటిలేటర్ వదలండి, వేడి గాలి పైనుంచి పోతుంది, కింద నుంచి కొత్త గాలి లాగుతుంది. దోమల జాలీ, గ్రిల్లు మొదటి రోజే లెక్కలో రాసుకోండి, అవి లేకపోతే రాత్రిపూట ఎవరూ కిటికీ తియ్యరు, రాత్రి కిటికీ తియ్యని ఇల్లు మే నెలలో చల్లబడదు. పగలు తొమ్మిదికల్లా మూసి, పొద్దుగూకినంక తెరవడం, అంతే కిటుకు.

పైకప్పు గురించి ఎక్కువ చెప్పను. సూర్యుడు నడినెత్తిన ఉండే ఊళ్ళో స్లాబు కంటే ఎక్కువ కాలేది ఏదీ ఉండదు, దాన్ని తెల్లగా చెయ్యండి. సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు కోట్లు వేసినా పనిచేస్తుంది, ఏటేటా మళ్ళీ వెయ్యాలి, అంతే తేడా. కాస్త డబ్బుంటే ఎండని తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్, ఇంకాస్త ఉంటే తెల్ల టైల్ ముక్కలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. నల్లటి తారు షీటు మాత్రం ఎండకి ఎదురుగా వదిలేయకండి.

నేల, రాయి. మన కింద ఉన్నది గ్రానైట్, దానితోనే ఈ ఊరు లేచింది. 1591 నాటి చార్మినార్‌లో గ్రానైటూ సున్నమూ ఉన్నాయి, 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ అంతా గ్రానైటే, మండు వేసవిలో లోపలికి అడుగుపెట్టి ఆ మందపాటి గోడల మధ్య, ఎత్తు కప్పు కింద రెండు నిమిషాలు నిలబడి చూడండి. అంత మందం మనకి కుదరదు నిజమే, కానీ ప్రహరీకీ బేస్‌మెంటుకీ పడమటి గోడకీ రాయి వాడుకోవచ్చు, ఫ్లోరింగుకి తాండూరు బండ వాడుకోవచ్చు. కాళ్ళకి చల్లగా ఉంటుంది, దగ్గర్నుంచే వస్తుంది. మీ ప్లాటులో పెద్ద గుండు ఉంటే పగలగొట్టించేముందు ఒక్కసారి ఆగండి. కోట్ల ఏళ్ళుగా అక్కడున్న రాయి, దాన్ని వాకిట్లోకి కలుపుకుని ప్లాను గీయొచ్చు, పగలగొట్టించే ఖర్చు కూడా మిగులుతుంది.

ఇప్పుడు నీళ్ళు. ఇది రాయాలంటే నా చేతి మీదుగా జరిగిన తప్పు చెప్పాలి. కొన్నేళ్ళ కింద ఒక కాలనీకి కమ్యూనిటీ హాలు గీశాను. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక పల్లంలో మిగిలిన జాగానే ఇలాంటి వాటికి ఇస్తారు, అదే ఇచ్చారు, నేను లెవెల్స్ రోడ్డుతో పోల్చుకున్నాను గానీ నీళ్ళ దారి అడగలేదు. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌ని ముంచెత్తిన వాన గుర్తుందిగా, తెల్లారి వెళ్తే హాల్లో మోకాలి లోతు నీళ్ళు. వారం తర్వాత నీళ్ళు తీశాక కొత్త సున్నం మీద చుట్టూరా ఒకే ఎత్తులో గీత గీసినట్టు మట్టి మరక. ఎదురుగా పాలమ్మే అవ్వ వచ్చి, బిడ్డా ఇది కుంటలోకి నీళ్ళు పోయే తొవ్వ, మా బర్లు ఈడనే తాగేవి, నన్ను అడిగితే చెప్పేదాన్ని కదా అంది. ఆ రోజు నుంచి ఏ సైటుకైనా ముందు ఆ చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా ఉన్న ముగ్గురిని అడగందే పెన్సిల్ పట్టుకోను.

మీరూ అడగండి. గ్రామ నక్షా తీయించండి, గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల బొమ్మలు వెనక్కి తిప్పి చూడండి, హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టిన చెరువుల మ్యాపుల్లో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు, ఎక్కడుందో చూడండి. 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలని బిల్డింగ్ రూల్స్‌లో ఉంది. ఈ ఊరికి నీళ్ళ దారిలో కట్టడం అంటే ఏంటో 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద చూపించింది, ఆ తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి.

అదే నీళ్ళని పట్టుకుంటే వరం. లెక్క తేలిక, చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 1200 చదరపు అడుగుల డాబా అంటే సుమారు 111 చదరపు మీటర్లు, ఒక గట్టి వాన 50 మిల్లీమీటర్లు పడిందంటే 5,500 లీటర్లు, అంటే ఎండాకాలంలో మనం డబ్బిచ్చి తెప్పించుకునే ఒక ట్యాంకరు. ముందు సంపులోకి ఫిల్టర్ పెట్టి మళ్ళించండి, నిండి పొర్లింది ఇంకుడు గుంతకి పంపండి. ఇంకుడు గుంత తవ్వేముందు గడ్డపారతో చూసుకోండి, రెండు మూడడుగుల్లోనే బండ తగిలితే అక్కడ నీళ్ళు ఇంకవు, ఇంకో మూల వెతకాలి. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదిలే ఖాళీ జాగా, అంతా సిమెంటు పోసేయకుండా సగమైనా మట్టి ఉంచండి.

పబ్లిక్ బిల్డింగులు కట్టించేవాళ్ళకి ఒక ప్రత్యేకమైన మాట. దవాఖాన గానీ, మున్సిపల్ ఆఫీసు గానీ, అక్కడ జనం లోపల గడిపేది పది నిమిషాలు, బయట ఎదురుచూసేది రెండు గంటలు. కాబట్టి ముందు ఎదురుచూసే జాగా గీయండి, ఆఫీసరు గది తర్వాత. ఎనిమిదడుగుల వరండా, గోడ వెంట మన ఇళ్ళ అరుగులాగా తాండూరు బండ పరిచిన గద్దె, మంచినీళ్ళ నల్లా నీడలో, వీల్‌చైర్ ర్యాంపు ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు తగ్గకుండా. చంటిబిడ్డతో వచ్చిన అమ్మ వానలో తడవకుండా ఆటో దిగి లోపలికి రాగలదా అని ప్లాను మీద వేలు పెట్టి నడిచి చూడండి. జాగాలో చెట్టుంటే దాన్ని కొట్టేయకుండా బిల్డింగునే పది అడుగులు జరపండి, కానుగో వేపో ఆ ఎత్తుకి రావడానికి పదిహేనేళ్ళు పడుతుంది. ముందు వైపు పడమర అయితే అద్దాలు పెట్టించకండి, కాంట్రాక్టరు మోడ్రన్‌గా ఉంటది అని ఎంత చెప్పినా సరే. ఆ అద్దం లోంచి వచ్చిన వేడిని తోడిపోయడానికి ఏసీలకి జీవితాంతం కరెంటు బిల్లు కట్టాలి, కరెంటు పోయిన రోజు లోపల కూర్చోలేరు.

అన్నీ చేసి గృహప్రవేశం అయ్యాక కూడా ఒక పని మిగిలే ఉంటుంది. మొదటి మే నెలలో రాత్రి తొమ్మిదింటికి ఆ మేస్త్రీ చెప్పినట్టు పడమటి గోడ లోపలి వైపు అరచెయ్యి ఆనించి చూడండి. ఇంకా వేడిగా తగిలితే బయట గోడకి అడుగు దూరంలో ఇనుప చట్రం నిలబెట్టించి, జూన్ వానలకి రాధామనోహరం తీగ రెండు మొక్కలు నాటండి. దానికి ఎండ అంటే ఇష్టం, వచ్చే వేసవికల్లా గోడకి కొంతైనా నీడ దొరుకుతుంది.