మైదా బంకతో వాల్‌పేపర్ అంటించే ముందు

మైదా బంక కాయడం పెద్ద విద్యేమీ కాదు. కప్పు మైదా, కప్పు చన్నీళ్లు, ఆపైన మూడు నాలుగు కప్పుల మరిగే నీళ్లు. అయితే గోడకు రాస్తున్నది తిండి అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. మనకే కాదు, బూజుకూ, బొద్దింకకూ, ఎలుకకూ కూడా అది తిండే.

అందుకని ముందు గోడను చూడండి. చెమ్మ గోడకు ఈ బంక రాస్తే కాగితం వెనక బూజుకు విందు పెట్టినట్టే. అనుమానముంటే జానెడు ప్లాస్టిక్ ముక్కను గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో మూసి, ఒక రోజంతా వదిలేయండి. ప్లాస్టిక్‌కు లోపలివైపు నీటి బిందువులు కనిపిస్తే చెమ్మ గోడలోంచే వస్తోంది. అది ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపేదాకా వాల్‌పేపర్ మాట మరిచిపోవాలి. బయటివైపు కనిపిస్తే గది గాలిలోనే తేమ ఉంది. ముసురు తగ్గి గది పొడిబారేదాకా ఆగండి. స్నానాల గదికి ఈ బంక అసలు పనికిరాదు. ప్లాస్టిక్ పూత ఉండే వినైల్ కాగితానికీ వద్దనే అంటాను. దానిగుండా తడి బయటికి పోదు, లోపలే మాగుతుంది.

గోడను అరచేత్తో రుద్దితే తెల్లగా పొడి అంటుతోందా? బంక ఆరుతూ బిగుసుకునేటప్పుడు ఆ పూతను కూడా లాక్కుని ఊడుతుంది. పొడి రాలే పూతను తీసేసి, పల్చటి బంక ఒక చేయి పూసి ఆరనివ్వాలి. పాతకాలపు రంగుల్లో సీసం ఉండవచ్చు. అలాంటి అనుమానముంటే పొడిగా గీకవద్దు, ఆ దుమ్ము పిల్లలకు మరీ చేటు.

ఇక పొయ్యి దగ్గర. మైదాను ముందు చన్నీళ్లలోనే కలపాలి. వేడినీళ్లలో నేరుగా పోస్తే పిండి ముద్దల చుట్టూ పొర కట్టి, లోపల పొడి పిండితో ఉండలు మిగులుతాయి. మైదా 60 డిగ్రీల సెల్సియస్ దాటాక చిక్కబడడం మొదలవుతుంది, ఆ మార్పు ఉన్నట్టుండి వస్తుంది. అప్పుడే మంట తగ్గించి అడుగంటకుండా కలుపుతూ ఉండండి. ఉడికే బంక బుడగలు పగిలి చిట్లుతుంది. వేడినీళ్లు జారిపోతాయి, బంక మాత్రం చర్మానికి పట్టుకుని కాలుస్తూనే ఉంటుంది. పొడుగు కాడ గరిటె, లోతైన గిన్నె, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. పొరపాటున పడితే వెంటనే కుళాయి కింద చన్నీళ్లతో కడిగి, 20 నిమిషాలు అలాగే ఉంచండి. మంచుగడ్డ, టూత్‌పేస్టు పెట్టకండి.

పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపమని చెప్పేవాళ్లుంటారు. అది విషం. చూడడానికి జావలా ఉండే గిన్నెలో విషం కలిపి ఇంట్లో పెట్టుకోవడం తెలివైన పని కాదు. ఒక చెంచా పటిక పొడి చాలు. అదైనా గిన్నె మీద రాసిపెట్టండి. పటికకు ఆమ్లగుణం ఉంది, కాలం గడిచేకొద్దీ కాగితాన్ని పెళుసుబారుస్తుంది. గోడ కాగితానికి ఫరవాలేదు గానీ దాచుకునే పుస్తకాలకూ ఫొటోలకూ మిగిలిన బంక వాడకండి.

ఎంత కావాలో అంతే కాయండి. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి నమ్మలేం. పుల్లటి వాసన వస్తే పారబోయడమే. పారబోయడమంటే సింకులో కాదు. గొట్టంలో గట్టిపడిందంటే తర్వాత మీరు కాగితానికి కాదు, గొట్టానికి మరమ్మతు చేసుకుంటారు. చెత్తబుట్టలో వేయండి.

స్విచ్ బోర్డుల చుట్టూ అంటించేటప్పుడు మెయిన్ ఆపేయండి. నేల మీద చిందిన బంకను వెంటనే తుడవండి, నిచ్చెన కాలు జారేది అక్కడే. ముందుగా తలుపు వెనక చిన్న ముక్క అంటించి ఒక రోజు చూడండి. తడి మీద ఉబ్బిన చిన్న బుడగలు చాలావరకు ఆరాక వాటంతటవే సర్దుకుంటాయి. కంగారుపడి ఫ్యాను పూర్తి వేగంతో తిప్పితే అంచులు ముందే ఆరి లేచిపోతాయి.