మానిటర్‌లో అక్షరాలు మసకగా ఉంటే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

స్క్రీన్ తుడిచినా, కళ్ళజోడు మార్చినా అక్షరాలు అలుక్కుపోయినట్టే కనిపిస్తుంటే, సెట్టింగులు కెలికే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. బొమ్మ కంప్యూటర్ లోపలే చెడుతోందా, బయటికి వచ్చాక చెడుతోందా?

నోట్‌ప్యాడ్‌లో మామూలు సైజులో దధ, డఢ, పఫ అని టైప్ చేయండి. మసక ఉంటే ముందు మాయమయ్యేది ధ, ఢ, ఫ అక్షరాల అడుగున ఉండే చిన్న గీతే. ఇప్పుడు విండోస్ కీ, ప్రింట్‌స్క్రీన్ కలిపి నొక్కితే పిక్చర్స్‌లోని స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో బొమ్మ చేరుతుంది. దాన్ని ఫోన్‌కి పంపి పెద్దది చేసి చూడండి. వాట్సాప్‌లో పంపేటట్టయితే డాక్యుమెంట్‌గానే పంపాలి, ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది. ఫోన్‌లో గీతలు స్పష్టంగా ఉంటే తప్పు రిజల్యూషన్‌లోనో, కేబుల్‌లోనో, మానిటర్‌లోనో ఉంది. ఫోన్‌లోనూ మసకే అయితే స్కేలింగ్, అంటే విండోస్ అక్షరాలను పెంచి చూపించే సంగతి చూడాలి.

ముందు రిజల్యూషన్. ఎల్‌సీడీ ప్యానెల్‌లో పిక్సెళ్ళ, అంటే బొమ్మను చూపించే చుక్కల, సంఖ్య మారదు. 1920×1080 ప్యానెల్‌కి 1366×768 ఇస్తే ఒక్కో పిక్సెల్‌ని దాదాపు ఒకటిన్నర పిక్సెల్ మీద పరచాలి. అందుకే అంచులు చెదిరిపోతాయి. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్ళి రికమెండెడ్ అని ఉన్నది ఎంచుకోండి. అక్కడే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో డెస్క్‌టాప్ మోడ్, యాక్టివ్ సిగ్నల్ మోడ్ అని రెండు అంకెలు కనిపిస్తాయి. రెండూ ఒకటే కావాలి. అసలు రిజల్యూషన్ జాబితాలోనే లేకపోతే డివైస్ మేనేజర్ తెరవండి. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదన్నమాట.

టీవీని మానిటర్‌గా వాడేవాళ్ళు ఆ రికమెండెడ్ మాటను కూడా నమ్మకూడదు. హెచ్‌డీ రెడీ అని అమ్మే 32 అంగుళాల టీవీల్లో చాలావాటి ప్యానెల్ 1366×768 మాత్రమే, అయినా 1080 సిగ్నల్ తీసుకుంటాయి. విండోస్ దాన్నే సిఫారసు చేస్తుంది, టీవీ మళ్ళీ కుదించి చూపిస్తుంది, అక్షరం నలుగుతుంది. మాన్యువల్‌లో ప్యానెల్ రిజల్యూషన్ చూసి 1366×768 గానీ 1360×768 గానీ పెట్టండి. టీవీ మెనూలో పిక్చర్ సైజ్‌ని జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్‌కి మార్చండి. లేకపోతే ఓవర్‌స్కాన్ వల్ల అంచులు తెగి, మిగతా బొమ్మ సాగుతుంది. షార్ప్‌నెస్ తగ్గించండి. ఎక్కువైతే అక్షరాల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది, అదీ మసకలాగే అనిపిస్తుంది. నలుపు మీద ఎర్ర అక్షరాలు మాత్రమే అలుక్కుపోతుంటే కంప్యూటర్ రంగుల సమాచారం కుదించి పంపుతోందని అర్థం. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో కలర్ ఫార్మాట్‌ని ఆర్‌జీబీ చేసి, టీవీలో ఆ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చండి.

వీజీఏ కేబుల్ అనలాగ్, అందుకే బొమ్మ అంచులు ఎక్కడున్నాయో మానిటర్ తనే పట్టుకోవాలి. తెల్ల పేజీ నిండా అక్షరాలు పెట్టాకే మానిటర్ మీది ఆటో బటన్ నొక్కాలి, చీకటి వాల్‌పేపర్ మీద నొక్కితే అది అంచులు సరిగ్గా పట్టుకోలేదు. ఇంకా నిలువు పట్టీలుగా మసక ఉంటే మెనూలో క్లాక్, స్క్రీన్ అంతా అదురుతున్నట్టుంటే ఫేజ్ ఒక్కో అంకె చొప్పున జరపండి. హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్ట్ ఉన్నచోట వీజీఏ వాడనే వద్దు.

ఇక స్క్రీన్‌షాట్‌లోనే మసక ఉంటే. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ 125 లేదా 150 శాతం పెట్టినప్పుడు పాత సాఫ్ట్‌వేర్‌లు తమను తాము పెంచుకోలేవు, విండోస్ వాటి బొమ్మను సాగదీస్తుంది. డీటీపీ సెంటర్లలో వాడే పేజ్‌మేకర్ 7.0 అలాంటిదే, 2001 నాటిది. ఆ ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్. అడుగున ఓవర్‌రైడ్ టిక్ చేసి ముందు సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ పెట్టి చూడండి. కుదరకపోతే అప్లికేషన్ ఎంచుకోండి. స్పష్టంగా వస్తుంది గానీ మెనూలు చిన్నవైపోతాయి. స్కేల్ మార్చిన ప్రతిసారీ సైన్ అవుట్ చేసి మళ్ళీ రావాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా 27 అంగుళాల మానిటర్ 1080 ప్యానెల్‌దైతే అంగుళానికి దాదాపు 82 పిక్సెళ్ళే ఉంటాయి. తెలుగు ఒత్తులకు అది చాలదు. విండోస్‌లో అక్షరాల అంచులను నునుపు చేసే క్లియర్‌టైప్ సరిచేస్తే కొంత నయమే గానీ, ఆ సైజులో కొనేటప్పుడే 2560×1440 తీసుకోవడం మేలు.