అమెరికా కాలేజీ ఫీజుకు గుంటూరు కాగితాలు

సంక్రాంతికి గుంటూరు వచ్చిన ప్రతిసారీ బ్రోడీపేటలోని మా ఇంటికి ఒకటి రెండు కుటుంబాలు వస్తాయి. అక్కో అన్నో ఎప్పుడో వేసిన గ్రీన్ కార్డు పిటిషన్ ఇన్నేళ్లకు తేలి ఉంటుంది. ఈలోగా పిల్లలు ఇంటర్‌కు వచ్చేస్తారు. అక్కడ కాలేజీ ఫీజు ఎలా అన్నదే వాళ్లందరి దిగులు. సామాను సర్దుకుంటున్న అలాంటివారి కోసమే ఇది రాస్తున్నాను.

మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తీసుకుని కాలేజీలో ఇస్తాం. అమెరికాలో అయితే కాలేజీ ఖర్చుకు ప్రభుత్వ సాయం కోరే ఫాఫ్సా (FAFSA) అనే దరఖాస్తును విద్యార్థి, తల్లిదండ్రులు ఎవరి ఖాతా వారు తెరిచి ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు తీసుకుని నింపిపెడతామనేవారి దగ్గరికి వెళ్లకండి. బిడ్డకు గ్రీన్ కార్డు గానీ పౌరసత్వం గానీ ఉంటే తల్లిదండ్రుల వీసా ఏదైనా ఫరవాలేదు. హెచ్‌4 మీద, అంటే అక్కడ ఉద్యోగ వీసాపై ఉన్నవారి కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్న పిల్లలకు మాత్రం ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయం రాదు.

అసలు చిక్కు ఆదాయం దగ్గర వస్తుంది. 2026-27 చదువుకు వాళ్లు అడిగేది 2024 ఆదాయం. అప్పటికి మీరు ఇక్కడే ఉన్నారు. అమెరికాలో పన్ను కట్టలేదు కదా అని సున్నా వేసేవారిని చూశాను. అది తప్పు. ఇక్కడి జీతం, అద్దెలు, వడ్డీలు అన్నీ డాలర్లలోకి మార్చి రాయాలి. అందుకే ఫారం 16, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కనీసం మూడేళ్లవి చేతిసంచిలో పెట్టుకోండి. కాలేజీవాళ్లు రుజువు అడిగిన రోజున గుంటూరులో ఎవరినో బ్యాంకుకు పంపడం ఎంత కష్టమో నాకు తెలుసు. పైగా నిజం రాయడం వల్ల నష్టమేమీ లేదు. ఇక్కడ మంచి జీతమే డాలర్లలో చిన్న అంకె అవుతుంది కాబట్టి, ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టనక్కరలేని పెల్ గ్రాంటు వచ్చే అవకాశం బాగానే ఉంటుంది. 2025-26లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు.

ఆస్తుల విషయంలో కూడా అంతే. మీరు నివాసం ఉంటున్న ఇల్లు లెక్కలోకి రాదు. కానీ అద్దెకిచ్చి వెళ్లే గుంటూరు ఇల్లు, గన్నవరం వైపు కొన్న స్థలం, ల్యాండ్ పూలింగ్‌లో వచ్చిన అమరావతి ప్లాటు లెక్కలోకి వస్తాయి. వాటి మీద ఉన్న అప్పు తీసేసి మిగిలిన విలువ రాస్తే చాలు. తాతగారి పేరున ఉన్న పొలం మీ ఆస్తి కాదు, రాయనక్కరలేదు. "ఇండియా ఆస్తి వాళ్లకెలా తెలుస్తుంది" అని ధైర్యం చెప్పేవారు ప్రతిచోటా ఉంటారు. వినకండి. ఆ సంతకం మీ బిడ్డది కూడా.

ఇక పేరు. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది, వాళ్లకు చివర. మా అక్క కూతురు బడిలో ఉన్నట్టు ఒక రకంగా రాసింది, సోషల్ సెక్యూరిటీ కార్డులో (అక్కడి ప్రభుత్వ గుర్తింపు సంఖ్య ఉండే కార్డు) మరో రకంగా ఉంది. అది సరిచేసుకునేసరికి వారాలు పట్టింది. కార్డులో ఎలా ఉంటే అలాగే, అక్షరం తేడా లేకుండా రాయండి.

ఫాఫ్సా దరఖాస్తు మామూలుగా అక్టోబరు 1న తెరుచుకుంటుంది. రాష్ట్రాల గడువులు వేర్వేరుగా ఉంటాయి, ఆలస్యమైతే కొన్ని నిధులు అయిపోతాయి కూడా. చాలా ప్రైవేటు కాలేజీలు తమ సొంత నిధుల నుంచి ఇచ్చే సాయానికి సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే మరో దరఖాస్తు అడుగుతాయి. స్థానికులకిచ్చే తక్కువ ఫీజుకు చాలా రాష్ట్రాల్లో ఏడాది నివాసం ఉండాలి కాబట్టి, మొదట తక్కువ ఫీజుతో రెండేళ్ల చదువు చెప్పే స్థానిక కమ్యూనిటీ కాలేజీలో చేర్చడం మంచి దారి. పెల్ గ్రాంటు అక్కడా వర్తిస్తుంది. ఇక్కడి ఉద్యోగం వదిలి వెళ్లాక ఆదాయం పడిపోతే, ఆ సంగతి కాలేజీ ఆర్థిక సాయ కార్యాలయానికి ఉత్తరం రాసి, రుజువులు జతచేయండి. లెక్క మళ్లీ చూసే అధికారం వాళ్లకుంది. మొహమాటపడి ఊరుకోకండి.