లాకర్ బిగించాక వచ్చే తంటాలు: సమస్య - పరిష్కారం

డిఫరెన్షియల్ అంటే మలుపుల్లో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక. బురదలో ఆ రెండూ కలిసి లాగేలా దాన్ని పట్టేసే భాగమే లాకర్. బేస్‌మెంట్‌లో మా మారుతి జిప్సీ వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ విప్పి, సొంతంగా లాకర్ వేసిన మర్నాడు బెంగళూరులో మారతహళ్లి వైపు ఒక మాల్‌కి వెళ్లాను. పార్కింగ్‌లోకి గుండ్రంగా తిరుగుతూ దిగే ర్యాంపు. మొదటి మలుపులోనే వెనక నుంచి టక్, టక్, టక్. కాంక్రీటు గోడల మధ్య ఆ చప్పుడు పదింతలైంది. సెక్యూరిటీ అతను "ఏన్ సార్, గాడి కెట్టోయ్తా?" (ఏంటి సార్, బండి పాడైందా?) అన్నాడు. నాకూ అదే టెన్షన్. ఇంటికొచ్చి ఆ రాత్రే మొత్తం విప్పాను. లోపల ఏ తప్పూ లేదు. తిరిగి బిగించేటప్పుడు మాత్రం యాక్సిల్ సీల్ అంచు చీరేశాను. లేని రోగానికి ఆపరేషన్ చేసి కొత్త రోగం తెచ్చుకున్నట్టయింది.

అందుకని ఇక్కడ బయట నుంచి లోపలికి వెళ్తాను. టైర్లు, ఆయిలు, క్రాసులు (ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర్లలో ఉండే యూనివర్సల్ జాయింట్లు) చూడకుండా హౌసింగ్ నట్ల మీద స్పానర్ పెట్టకండి.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో గుర్తుంచుకోండి. పాత డిఫరెన్షియల్ కేసులోనే స్పైడర్ గేర్లు (మధ్యలో ఉండే చిన్న పళ్ల చక్రాలు) తీసి ఆ చోట కూర్చోబెట్టేది ఒక రకం. దీన్ని లంచ్‌బాక్స్ లాకర్ అంటారు. క్రౌన్, పినియన్ (ఇంజిన్ శక్తిని యాక్సిల్‌కి మళ్లించే పెద్ద, చిన్న పళ్ల చక్రాలు) జోలికి పోదు కాబట్టి ఇంట్లో చేసుకోవడానికి ఇదే తేలిక. నేను వేసిందీ ఇదే. రెండోది కంప్రెసర్ గాలితో, స్విచ్ నొక్కితే పట్టే ఎయిర్ లాకర్ లాంటిది. కేసు మొత్తం మారుస్తారు, క్రౌన్ వీల్ విప్పి దాని మీద బిగిస్తారు. తంటాలు కూడా దానికి తగ్గట్టే పెరుగుతాయి.

ఒక హెచ్చరిక. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండికి ఒక వెనక చక్రం జాకీ మీద లేపి గేర్‌లో నడిపితే గాల్లో ఉన్న చక్రం మాత్రమే తిరుగుతుంది. లాకర్ ఉంటే నేల మీదున్న చక్రం కూడా లాగుతుంది, బండి జాకీ మీద నుంచి దూకేస్తుంది. కింది పరీక్షలన్నీ రెండు వెనక చక్రాలూ పైకి లేపి, జాకీ స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకు అడ్డం వేసి, ఇంజిన్ ఆపి చేయాలి.

సమస్య: టకటక శబ్దం

ఎక్కడ వస్తోందన్నదే అసలు ప్రశ్న. మలుపుల్లో మాత్రమే వస్తే అది లంచ్‌బాక్స్ లాకర్ పని చేస్తున్న చప్పుడు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. లాకర్ పళ్లు ఆ చక్రాన్ని వదిలి, మళ్లీ పట్టుకుని, మళ్లీ వదులుతాయి. ర్యాంపులో నేను విన్నది అదే. కావాలంటే 80డబ్ల్యూ-90 బదులు 85డబ్ల్యూ-140 గేర్ ఆయిల్ పోయండి, చప్పుడు కొంత మెత్తబడుతుంది. ఏది పోసినా డబ్బా మీద జీఎల్-5 అనే గ్రేడు ఉండాలి. లిమిటెడ్ స్లిప్ అనే వేరే రకం డిఫరెన్షియల్‌కి కలిపే అడిటివ్ దీనికి అక్కర్లేదు. దుకాణంలో అంటగడితే వద్దని చెప్పండి.

తిన్నగా పోయే రోడ్డు మీద కూడా టక్... టక్... అని వస్తే కారణం దాదాపు ఎప్పుడూ టైర్లే. ఒకే యాక్సిల్ మీద రెండు టైర్ల చుట్టుకొలత తేడాగా ఉంటే, తిన్నటి రోడ్డు కూడా లాకర్‌కి తీరని మలుపులాగే ఉంటుంది. 215/75 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అందులో 1 సెం.మీ. తేడా ఉందనుకోండి. కిలోమీటరుకు రెండు చుట్ల తేడా వస్తుంది, ఆ తేడా మొత్తం లాకర్ పళ్లే మింగాలి. ఒక టైరు పంక్చరై స్టెప్నీ వేసుకుని వారం రోజులు తిరిగిన బండిలో ఇది మామూలే.

కొలవడం కష్టమేం కాదు. రెండు టైర్లలో గాలి సమానం చేయండి. రెండింటికీ నేలను తాకే చోట సుద్దముక్కతో గీత పెట్టి, నేల మీద కూడా గీయండి. బండిని తిన్నగా తోసి, ఐదు చుట్లు తిరిగాక మళ్లీ గీయండి. టేపుతో కొలిస్తే తేడా తేలిపోతుంది. కొంచెం తేడా ఉంటే అరిగిన రెండిటినీ ముందుకీ, సమానంగా ఉన్న జతను వెనక్కీ మార్చండి. ఎక్కువ ఉంటే టైర్లు కొనక తప్పదు. లాకర్ ఉన్న యాక్సిల్‌కి టైర్లు ఎప్పుడూ జతగానే కొనాలి.

సమస్య: మలుపు తిరుగుతుంటే ఒక్కసారిగా 'ధన్' అని కొట్టడం

మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే లాకర్ బయటి చక్రాన్ని వదల్లేదు. యాక్సిల్ కొంత మెలి తిరిగి, ఒక్కసారిగా వదిలేటప్పుడు ఆ దెబ్బ వినిపిస్తుంది. దీనికి మందు మన కాలిలోనే ఉంది. మలుపులోకి దిగేటప్పుడు కాలు సడలించండి, తిరిగాక తొక్కండి. వారంలో అలవాటైపోతుంది.

మెల్లగా తిరిగినా కొడుతుంటే కింద దూరండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, స్ప్రింగ్ బుష్‌లు, యూ బోల్టులు చేత్తో కదిపి చూడండి. ఇన్నాళ్లూ దాక్కున్న ప్లే (వదులుతనం) అంతా లాకర్ వేశాక బయటపడుతుంది. మా బండిలో వెనక క్రాసులో ఒక బేరింగ్ కప్పు ఎండిపోయి తుప్పు పొడిలా అయింది. స్పేర్ పార్టులు అమ్మే జేసీ రోడ్డులో కొత్తది దొరికింది. లాకర్‌ని తిట్టుకున్న మూడు వారాలూ వృథా.

సమస్య: బురదలో ఒక చక్రమే తిరుగుతోంది, లాకర్ పట్టడం లేదు

హొసకోటె దగ్గర వాన వెలిసిన చెరువు గట్టు మీద ఇలా జరిగితే కలిగే అవమానం మామూలుది కాదు. బండి ఇంటికి తెచ్చి పరీక్షించండి. రెండు చక్రాలూ లేపి, బండిని గేర్‌లో ఉంచి, ఇద్దరు మనుషులు చెరో చక్రం పట్టుకోవాలి. ఇద్దరూ ఒకే వైపు తిప్పితే కొద్దిపాటి ప్లే తర్వాత రెండూ ఆగిపోవాలి. ఇప్పుడు ఒకరు ముందుకు తిప్పి బిగపట్టుకోవాలి, రెండోవారు వెనక్కి తిప్పాలి. రెండో చక్రం టకటకమంటూ తిరగాలి. తర్వాత మనుషులు పాత్రలు మార్చుకుని మళ్లీ చేయండి.

ఒకే వైపు తిప్పినప్పుడు ఏదో ఒక చక్రం ఆగకుండా జారుతుంటే లోపల పిన్ను గానీ స్ప్రింగు గానీ పడిపోయింది, లేదా తిరగేసి పెట్టారు. ఇప్పుడు మాత్రం విప్పాల్సిందే. ఆ స్ప్రింగులు బాల్‌పెన్ స్ప్రింగులంత ఉంటాయి. పాత పంచె పరిచి దాని మీద పని చేయండి. పిన్నులకు గ్రీజు పూసి బొక్కల్లో అతికిస్తే బిగించేటప్పుడు జారవు. లాకర్ లోపల డ్రైవర్లు అనే రెండు ముక్కల మధ్య ఖాళీ ఎంతుండాలో కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఫీలర్ గేజ్‌తో (సన్నటి ఖాళీలు కొలిచే రేకులు) కొలవండి. ఖాళీ తక్కువైతే వదలదు, ఎక్కువైతే పళ్లు సగమే పట్టి అంచులు రాలతాయి.

కంపెనీ నుంచే మెకానికల్ లాకర్‌తో వచ్చిన మహీంద్రా థార్ లాంటి బళ్లలో ఈ ఫిర్యాదుకి కారణం వేరు. రెండు చక్రాల వేగంలో నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా వస్తే గానీ అది పట్టదు. చక్రం జారగానే భయపడి కాలు తీసేస్తే ఎలా పడుతుంది? సన్నగా, ఆపకుండా తొక్కాలి.

సమస్య: ఊయ్‌మని ఏడుపు

కేసు మార్చిన వాళ్లకే ఎక్కువగా ఈ బాధ. లంచ్‌బాక్స్ వేసినా, కేసు బయటికి తీసి ఉంటే మీకూ రావచ్చు.

కోలార్ హైవే మీద అద్దాలు మూసి వినండి. తొక్కినప్పుడో, కాలు తీసినప్పుడో శబ్దం మారితే అది క్రౌన్ పినియన్ కూర్పు తప్పడం. తొక్కినా తీసినా మారకుండా, వేగంతో పాటు పెరిగే గుర్రుమనే శబ్దమైతే బేరింగ్ మీద అనుమానం.

కూర్పు ఎందుకు తప్పుతుంది? పినియన్‌ని మనం ముట్టుకోలేదు కాబట్టి తప్పంతా క్రౌన్ పక్కకి జరగడంలోనే ఉంటుంది. చాలాసార్లు బేరింగ్ క్యాపులు అటువి ఇటు పడటమే కారణం. ఆ క్యాపుల్ని హౌసింగ్‌తో కలిపి ఒకేసారి బోర్ చేస్తారు, ఒకదాని చోట ఇంకొకటి సరిపోదు. విప్పే ముందే సెంటర్ పంచ్‌తో ఎడమ క్యాపుకి ఒక చుక్క, కుడి క్యాపుకి రెండు చుక్కలు, హౌసింగ్ మీద కూడా అవే చుక్కలు కొట్టండి. అడ్జస్టర్ నట్లు ఏ గాడి మీద ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీయండి. పాత ప్లే ఎంతో విప్పకముందే డయల్ గేజ్‌తో కొలిచి రాసుకోండి. అరిగిన జత పళ్లు ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి, వాటికి పాత ప్లేనే తిరిగి ఇవ్వాలి.

చాలా బళ్లలో క్రౌన్ పినియన్ మధ్య ప్లే 0.13 నుంచి 0.20 మి.మీ. దాకా ఉంటుంది. మీ బండి మాన్యువల్ చెప్పిందే ఖాయం. క్రౌన్‌ని పినియన్ వైపు జరిపితే ప్లే తగ్గుతుంది, దూరం జరిపితే పెరుగుతుంది. ఒక అడ్జస్టర్ ఎన్ని గాళ్లు వదిలితే ఎదుటిది అన్ని గాళ్లు బిగించాలి. లేదంటే బేరింగ్ బిగువు మారిపోతుంది. క్రౌన్ చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవండి. ఒక్కో చోట ఒక్కోలా వస్తే క్రౌన్ వీల్ కేసు మీద తిన్నగా కూర్చోలేదు, మధ్యలో చెత్తో గరుకో ఉంది.

తర్వాత పళ్లకి ప్రష్యన్ బ్లూ (ముద్ర చూపించే నీలం ముద్ద) పూసి, క్రౌన్‌ని గుడ్డతో అడ్డగిస్తూ పినియన్ తిప్పండి. ముద్ర పంటి ఎత్తులో మధ్యగా పడాలి. లోతుగా, పంటి మొదట్లో పడితే పినియన్ దగ్గరైందని అర్థం. పై అంచున పడితే దూరమైంది. ఆ రెండూ పినియన్ వెనక షిమ్ (పలుచటి వాషర్) మార్చే పని. ఆ పనికి మాత్రం నేను తలవంచి పీణ్యలో తెలిసిన మెషిన్ షాపుకే ఇచ్చేస్తాను. ప్రెస్, ప్రీలోడ్ (బేరింగ్ బిగువు) కొలిచే రెంచ్ లేకుండా ఇంట్లో చేస్తే బేరింగులు పాడవడం తప్ప ఏమీ మిగలదు.

సమస్య: ఆయిల్ చెమర్చడం

చక్రం లోపలి వైపు తడిగా ఉంటే నాకు జరిగిందే మీకూ జరిగింది. యాక్సిల్ షాఫ్ట్‌ని లాగేటప్పుడు, దూర్చేటప్పుడు బరువంతా సీల్ పెదవి మీద పడింది. షాఫ్ట్ కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకుంటూ దూర్చాలి. కొత్త సీల్ వేయండి, బ్రేక్ షూలకి ఆయిల్ తగిలి ఉంటే అవీ మార్చండి. రెండు వైపులా ఒకేసారి కారుతుంటే సీల్ కొనే ముందు బ్రీదర్ (హౌసింగ్ గాలి వదిలే గొట్టం) చూడండి. అది ఎర్రమన్నుతో మూసుకుపోతే, వేడెక్కిన గాలి సీళ్ల నుంచే దారి వెతుక్కుంటుంది.

సమస్య: ఎయిర్ లాకర్‌లో కంప్రెసర్ ఆగకుండా కొట్టుకోవడం

ఎక్కడో గాలి పోతోంది. ప్రతి జాయింటు మీద సబ్బు నురగ పూయండి. ఎక్కడా బుడగ రాకపోతే డిఫరెన్షియల్ ఫిల్లర్ బోల్టు తీసి లాకర్ ఆన్ చేయండి. లోపల నుంచి బుసమంటే సీల్ హౌసింగ్ ఓ-రింగు తెగింది, అసెంబ్లీ దించాలి. స్విచ్ ఆపగానే సాలెనాయిడ్ (గాలిని వదిలే కరెంటు వాల్వు) నుంచి ఆయిల్ తుంపర వస్తే, ముందు ఆయిల్ మట్టం చూడండి. ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకానే ఉండాలి.

సమస్య: వానలో వెనక భాగం జారడం

ఇది రిపేరుకి లొంగేది కాదు. పొట్టి వీల్‌బేస్ బండికి వెనక లాకర్ ఉంటే తొక్కినప్పుడు ఒక వైపుకి, తీసినప్పుడు ఇంకో వైపుకి కొద్దిగా లాగుతుంది. తడి రోడ్డు మీద రెండు చక్రాలూ ఒకేసారి పట్టు వదులుతాయి. ఔటర్ రింగ్ రోడ్డు ఫ్లైఓవర్ల మీద, మొదటి వానకి నూనె తేలినప్పుడు, నేను పై గేర్‌లో ముసలాయనలా నడుపుతాను. రోజూ ఆఫీసుకి ఇదే బండైతే, స్విచ్‌తో పట్టి వదిలే రకం కోసం డబ్బు దాచుకోవడం నయం.

అన్నీ సరిగ్గా ఉన్నా, లాకర్ వేశాక మొదటి 500 కిలోమీటర్లు నిండగానే ఒకసారి ఆయిల్ దించండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిద రంగు ముద్దలా పొడి అంటుకుని ఉంటే పర్లేదు, తుడిచి బిగించేయండి. గోటికి తగిలే పెళ్లలు కనిపిస్తే ఇప్పుడు హౌసింగ్ విప్పండి.